పెద్ద సంఖ్య గుట్టు విప్పడం ఎలా? విజయనగరం పిన్‌కోడ్‌లతో చూద్దాం

విజయనగరం చిరునామాల్లో కనిపించే పిన్‌కోడ్‌లు 535001, 535002. మధ్య తేడా ఒక్కటే, గుణాలు మాత్రం ఏమాత్రం కలవవు. 1972లో పిన్‌కోడ్ పెట్టిన తపాలా శాఖకు ఈ గొడవ పట్టదు గానీ, మనం కాగితం, కలం తీసుకుని, ఏ ప్రధాన సంఖ్యలను గుణిస్తే ఇవి వస్తాయో చూద్దాం.

ముందు చివరి అంకె చూడండి. 535002 సరి సంఖ్య. 535001 బేసి, చివర 0 గానీ 5 గానీ లేవు కాబట్టి ఐదో ఎక్కంలోనూ పోదు.

తర్వాత అంకెలన్నీ కూడండి. 535002కు 15 వస్తుంది: మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. 535001కి 14, మూడుతోనే పోదు.

ఇక నాకు బాగా ఇష్టమైన మెట్టు. 7, 11, 13లను గుణిస్తే 1001. అందుకే ఆరంకెల సంఖ్యను నడిమికి విరిచి, రెండు ముక్కల తేడా చూస్తే మూడింటి సంగతీ ఒకేసారి తేలుతుంది. 535 నుంచి 2 తీస్తే 533, అంటే 13 × 41. కాబట్టి 535002 కూడా 13తో పోతుంది. 7, 11లతో పోదు. అదే 535 నుంచి 1 తీస్తే వచ్చే 534 ఆ మూడింటిలో దేనికీ లొంగదు.

535002ను 2, 3, 13లతో వరుసగా భాగించండి. 6859 మిగులుతుంది. 17తో శేషం వస్తుంది. 19తో భాగిస్తే 361, అదేమో మళ్లీ 19 × 19! వెరసి 2 × 3 × 13 × 19³. ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే, 2 × 2 × 2 × 4, భాజకాలు 32. తనను మినహాయించి మిగతావి కూడితే 681318. అసలు సంఖ్యనే మించిపోయింది. 28 లాంటి పరిపూర్ణ సంఖ్యకైతే ఆ మొత్తం సరిగ్గా సమానంగా వస్తుంది.

535001 మొండిది. దాని వర్గమూలం 731 దాటి కాస్త ఉంటుంది కాబట్టి, అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలతోనే భాగించి చూడాలి. 17 నుంచి 43 దాకా అన్నిటికీ శేషమే. ఇది ప్రధాన సంఖ్యేనేమో అనుకుని కలం మూయబోతుండగా 47 దగ్గర తెగింది: 47 × 11383. ఈ 11383కు 106 దాకా చూస్తే చాలు, చిన్నవి ముందే తేలిపోయాయి గనుక 47 నుంచే మొదలుపెట్టండి. ఏదీ పోదు; అది ప్రధాన సంఖ్య.

శ్రీకాకుళం వారి 532001ను మీకే వదిలేస్తున్నాను. 532000 అంటే 7 × 19 × 4000 కాబట్టి, 7, 19లను ప్రయత్నించి శ్రమపడకండి, ఒకటి మిగులుతుంది.