చిన్న షెడ్డులో ప్రమాదాలు జరగకుండా ఓనర్ ఏం చేయాలి?

హైదరాబాద్‌లోని జీడిమెట్ల, బాలానగర్, కాటేదాన్‌లలో పదిమందితో నడిచే షెడ్లలో భద్రత అనగానే ముందు హెల్మెట్లు, గ్లౌజులు కొంటారు. నిజానికి అవి చివర కొనాల్సినవి. మనుషులు బయటపడే దారి, కరెంటు, మిషన్లు, ఈ వరసలో మొదలుపెట్టండి.

2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడ తుక్కు గోదాంలో మంటలు లేచి, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు. కింద సరుకు, పైన మనుషులు. ఊరు వదిలి వచ్చిన కుర్రాళ్లకు గది అద్దె మిగులుతుందని చేసే ఈ ఏర్పాటు మీ దగ్గరా ఉంటే ఈ రోజే మాన్పించండి. సరుకున్న చోట ఎవరూ పడుకోకూడదు.

ఇక దారి. సాయంత్రం షట్టర్ దించి, లోపల లైట్లు ఆర్పి, వెనక తలుపు నుంచి బయటికి రావడానికి ప్రయత్నించండి. దానికి తాళం ఉందా, ముందు అట్టపెట్టెలు పేర్చారా అప్పుడే తెలుస్తుంది. లోపల మనుషులున్నంత సేపూ రెండు దారులకూ తాళం ఉండకూడదు, తలుపులు బయటివైపుకు తెరుచుకోవాలి.

షెడ్డులో ఎక్కడ నిలబడ్డా 15 మీటర్లలోపు మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ ఒకటి అందాలి. గేజ్ ముల్లు పచ్చరంగులో ఉందో లేదో నెలనెలా చూడండి. వాడేటప్పుడు పిన్ను లాగి, పైపును మంట మొదలు వైపు తిప్పి, అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. ఎగసే మంట మీద కొడితే పౌడరంతా వృథా. 6 కిలోల సిలిండర్ అర నిమిషంలోపే ఖాళీ అయిపోతుంది. అప్పటికీ ఆరకపోతే అందరూ బయటికి వచ్చేయాలి. 101కి ఫోన్ మాత్రం మంట కనపడగానే చేయాలి.

కరెంటు దగ్గర ఎక్కువగా కనిపించే తప్పు ఒకటుంది. ప్లగ్గు ఊడిపోతే రెండు వైర్లు సాకెట్‌లో దోపి అగ్గిపుల్లలతో బిగిస్తారు. మూడోది, ఎర్త్ వైరు, గాల్లో వేలాడుతుంటుంది. మిషన్ లోపల ఇన్సులేషన్ పోయిన రోజు బాడీకి కరెంటు వస్తుంది. ఎర్త్ లేదు కాబట్టి అది చెయ్యి పెట్టినవాడి ఒంట్లోంచే భూమిలోకి పోతుంది. లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్, ఎంసీబీ, ఉంది కదా అనుకోకండి. అది కాపాడేది వైరును. మనిషి కోసం, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించాలి. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అదే రోజు మార్పించండి.

మిషన్ రిపేరుకు మెయిన్ ఆపి తాళం వేయాలి. తాళంచెవి రిపేరు చేసేవాడి జేబులోనే ఉండాలి, సూపర్‌వైజర్ దగ్గర కాదు.

గ్రైండర్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. నాలుగంగుళాల మిషన్‌కు ఐదంగుళాల వీల్ పట్టడం కోసం గార్డ్ (వీల్‌కు అడ్డుగా ఉండే రేకు) ఊడదీసి ఉంటే, ఆ మిషన్ పక్కన పెట్టేయండి. నిమిషానికి 11,000 చుట్లు తిరిగేటప్పుడు నాలుగంగుళాల వీల్ అంచు వేగమే గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. వీల్ పగిలితే ఆ ముక్క ముఖానికి రాకుండా అడ్డుపడేది గార్డ్ ఒక్కటే. వీల్ మీద వేసిన స్పీడ్ మిషన్ స్పీడ్ కంటే ఎక్కువ ఉండాలి, గడువు తేదీ దాటి ఉండకూడదు.

సంపు, కెమికల్ ట్యాంకు కడగడానికి మనిషిని నేరుగా దించకండి. లోపల గాలి చెడిపోయి ఉంటే దిగినవాడు అరవలేడు కూడా, పడిపోతాడు. కాపాడబోయి దిగిన రెండోవాడూ పోతాడు. కుదిరినంత వరకు పైనుంచే కడిగించండి.

ఇవన్నీ పనివాళ్లకు వచ్చిన భాషలో, చాలా షెడ్లలో హిందీలో, మిషన్ దగ్గరే చేసి చూపించాలి.

ఇప్పుడు గ్లౌజులు కొనండి. లేత్, డ్రిల్లింగ్ మిషన్ల దగ్గర మాత్రం వేసుకోనివ్వకండి. తిరిగే చక్‌కు (పనిముక్కనో బిట్టునో పట్టుకునే భాగానికి) గ్లౌజు కొస తగిలితే వేలితో ఆగదు, చెయ్యంతా లాక్కుంటుంది. అక్కడ సేఫ్టీ కళ్లద్దాలు చాలు, చొక్కా చేతులు బిగుతుగా ఉండాలి.