బోల్టుకు తీగ చుట్టి చూడండి: అయస్కాంతానికీ కరెంటుకీ ఉన్న లంకె

చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల యూనిట్‌లో వైండింగ్, అంటే తీగ చుట్టే పని చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతిలో రాగి తీగే. మా అన్నయ్య కొడుకు పదో తరగతి. "అత్తా, ఎడమచేతి నియమం, కుడిచేతి నియమం రెండూ కలిసిపోతున్నాయి" అని (కరెంటు, అయస్కాంత దిశల్ని చేతివేళ్ళతో గుర్తుపెట్టుకునే నియమాలవి) టెన్షన్ పడుతుంటే పుస్తకం పక్కన పెట్టించి, వాడి చేతికి తీగ ఇచ్చాను. వాడితో చేయించిన వరసలోనే ఇది రాస్తున్నాను. దిక్సూచి ముల్లు కదలడం కళ్ళారా చూడని పిల్లలకు ముందే నియమాలు చెప్పడం దండగ అని నా గట్టి నమ్మకం.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. కరెంటును బయటికి పోనివ్వని ఎనామెల్ పూత ఉన్న రాగి తీగ, మందం 30 గేజ్‌ది, యాభై గ్రాములు చాలు. మోటారు వైండింగ్ షాపుల్లో తూకానికి ఇస్తారు. వోల్టేజీ, కరెంటు కొలిచే మల్టీమీటరుకీ, చిన్న నియోడైమియం అయస్కాంతాలకీ మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కి వెళ్ళండి. ఇవి కాక ఒక దిక్సూచి, 6 మిల్లీమీటర్ల మందం, మూడంగుళాల పొడవున్న ఇనప బోల్టు, గుండుసూదులు, ఎమరీ పేపరు, 1.5 వోల్టుల సెల్లు. గోడ ప్లగ్గు జోలికి మాత్రం వెళ్ళకండి. అందులో వచ్చేది 230 వోల్టులు. ఫోన్ బ్యాటరీ, పవర్ బ్యాంకు కూడా వద్దు. నియోడైమియం అయస్కాంతాలు పసిపిల్లలకు అందకూడదు. రెండు మింగితే లోపల పేగుల్ని మధ్యలో పెట్టుకుని అతుక్కుంటాయి, ప్రాణం మీదకు వస్తుంది.

ముందు దిక్సూచి. ఇనప మంచం మీదా, బీరువా పక్కనా పెడితే ముల్లు తప్పు చూపిస్తుంది, చెక్క స్టూలు మీద పెట్టండి. ముల్లు ఉత్తర దక్షిణాలకు తిరిగి నిలబడుతుంది, ఎందుకంటే భూమి కూడా పెద్ద అయస్కాంతమే. మన చెన్నై దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం, అంటే దాని అయస్కాంత ప్రభావం, దాదాపు నేలకు సమాంతరంగా ఉంటుంది. అది పూర్తిగా సమాంతరంగా ఉండే అయస్కాంత భూమధ్యరేఖ ఇక్కడికి దక్షిణాన, దగ్గరలోనే పోతుంది. 1963లో మొదలైన రాకెట్ ప్రయోగాలకు కేరళలోని తుంబాను ఎంచుకున్నది ఆ రేఖ దగ్గర ఉందనే. మాది శ్రీహరికోట పక్కన సూళ్ళూరుపేట, అందుకే ఈ సంగతి చెప్పకుండా ఉండలేను.

ఇప్పుడు ఒక మూర తీగ తీసుకుని రెండు కొసల్నీ ఎమరీ పేపరుతో రుద్దండి. ఎనామెల్ పోయి రాగి రంగు తేలాలి. చూడ్డానికి ఎనామెల్ కూడా రాగి రంగులోనే ఉంటుంది కాబట్టి కొసను తిప్పుతూ అన్ని వైపులా గీకాలి. ఆ తీగను ముల్లు మీదుగా, ముల్లు ఉన్న దిశలోనే పట్టుకుని, కొసలు ఒక్క క్షణం సెల్లుకు ఆనించండి. ముల్లు పక్కకు తిరుగుతుంది. సెల్లు తిప్పి పెడితే అటువైపు తిరుగుతుంది. తీగను ముల్లు కిందకు తెస్తే మళ్ళీ దిశ మారుతుంది. 1820లో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ చూసింది ఇదే. రాగికి అయస్కాంతం అంటుకోదు కదా, మరి ముల్లును తిప్పింది ఏది? తీగలో పారే కరెంటు. కరెంటు పారినంతసేపూ తీగ చుట్టూ వలయాలుగా అయస్కాంత క్షేత్రం ఉంటుంది. కుడిచేతి బొటనవేలు కరెంటు వైపు పెడితే ముడుచుకున్న వేళ్ళు ఆ వలయాల దిశను చూపిస్తాయి. చూశాక చెబితే ఇది బట్టీ పట్టే పని ఉండదు.

ఇక చుట్టడం. నాకు ప్రాణమైన పని ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి. బోల్టుకు ఒక వరస పేపరు టేపు వేయండి. మరలు పదునుగా ఉంటాయి, ఎనామెల్‌ను కోసేస్తాయి. కొస ఒక జానెడు వదిలి, టేపుతో అతికించి, తలకాయ వైపు నుంచి చుట్టడం మొదలుపెట్టండి. తీగను ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పోనివ్వండి. వేళ్ళ కింద తీగ జారుతున్నట్టు తెలియాలి, కానీ వదులు కాకూడదు. గట్టిగా లాగితే తీగ సాగి సన్నబడుతుంది, వదిలితే చుట్టు మీద చుట్టు ఎక్కుతుంది. మెలిక పడితే లాగకండి, వెనక్కి వచ్చి విప్పండి. ఒక్కో చుట్టూ పక్కదాన్ని ఆనుకుని పడుతుంటే వేలికి తగిలే ఆ నునుపులోనే వరస బాగా వస్తోందో లేదో తెలిసిపోతుంది. వంద అయ్యాక టేపు వేసి, పైన ఇంకో వంద. ఇక్కడే చాలామంది తడబడతారు. రెండో వరసలో తీగ వెనక్కి నడుస్తుంది, కానీ చుట్టే దిశ మారకూడదు. దిశ మారిందా, పై వంద చుట్లు కింది వందను కొట్టేస్తాయి, బోల్టు సూదిని కూడా లేపదు.

కొసలు గీకి సెల్లుకు ఆనించి గుండుసూదుల డబ్బాలో ముంచండి, గుత్తిగా లేస్తాయి. ఐదు సెకన్లకు మించి ఉంచకండి, తీగ వేడెక్కుతుంది, సెల్లూ పోతుంది. సెల్లు తీసేస్తే చాలా సూదులు రాలిపోతాయి, ఒకటో రెండో వేలాడవచ్చు. బోల్టులోని మామూలు ఉక్కు కాస్త అయస్కాంతాన్ని దాచుకుంటుంది. మా ట్రాన్స్‌ఫార్మర్లలో బోల్టు ఇనుము పనికిరాక, సిలికాన్ స్టీల్ స్టాంపింగ్స్ (పల్చటి రేకు ముక్కలు) వాడేదానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

"నాలుగొందల చుట్లు చుడితే రెట్టింపు సూదులు లేస్తాయా అత్తా?" అన్నాడు మావాడు. మంచి ప్రశ్న. బలం చుట్ల సంఖ్యా, కరెంటూ రెండూ గుణిస్తే వచ్చేది. చుట్లు పెంచితే తీగ పొడవు పెరుగుతుంది, అదే సెల్లుతో కరెంటు తగ్గుతుంది. అందుకే అనుకున్నంత లాభం ఉండదు. చుట్లూ, గేజూ, వోల్టేజీ మూడూ కలిపి లెక్క కట్టాలి.

ఇప్పుడు తిరగేద్దాం. వేలంత లావున్న అట్ట గొట్టానికి రెండొందల చుట్లు చుట్టి, కొసలు మల్టీమీటరుకు కలపండి. మీటరు డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) 200 మిల్లీవోల్టుల మీద ఉండాలి. అయస్కాంతాన్ని గొట్టంలో పెట్టి ఊరుకోండి. సున్నా. ఎంతసేపు ఉంచినా సున్నాయే. చటుక్కున బయటికి లాగండి, అంకె ఎగురుతుంది. లోపలికి తోస్తే ముందు మైనస్ గుర్తుతోనో, లేకుండానో, ఏదైనా ఇందాకటికి ఎదురుగా వస్తుంది. నెమ్మదిగా తోస్తే చిన్న అంకె, వేగంగా తోస్తే పెద్దది. 1831లో ఫారడే పట్టుకున్న కిటుకు ఇదే. అయస్కాంతం ఉంటే చాలదు, కాయిల్ (తీగ చుట్ట) గుండా పోయే క్షేత్రం మారుతూ ఉండాలి. జనరేటర్‌ను ఆవిరితోనో నీళ్ళతోనో ఆపకుండా తిప్పుతూ ఉండాల్సింది ఇందుకే.

చివరిది మా వృత్తి ప్రయోగం. ఇందాకటి బోల్టు మీదే టేపు వేసి, వేరే తీగతో ఇంకో రెండొందలు చుట్టి ఆ కొసలు మీటరుకు ఇవ్వండి. కింది కాయిల్‌ను సెల్లుకు ఆనించండి. ఆనించిన క్షణం అంకె ఒకసారి మెరిసి మళ్ళీ సున్నాకు పడుతుంది. తీసిన క్షణం ఎదురు గుర్తుతో మళ్ళీ మెరుస్తుంది. తీసేటప్పుడు చిన్న నిప్పురవ్వ రావచ్చు, గీకిన చోట కాకుండా ఎనామెల్ ఉన్న చోట పట్టుకోండి. డిజిటల్ మీటరు ఒక్కోసారి ఆ క్షణాన్ని అందుకోలేదు, నాలుగైదు సార్లు చేయండి. ముల్లు మీటరైతే ఇంకా బాగా కనిపిస్తుంది. ఇక్కడ అయస్కాంతాన్ని ఎవరూ కదపలేదు, రెండు తీగలూ ఒకదానికొకటి తగల్లేదు. కరెంటు మారింది, దాంతో బోల్టులో క్షేత్రం మారింది, పై కాయిల్‌లో వోల్టేజీ పుట్టింది. మన ఇళ్ళకొచ్చే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు దిశ మార్చుకుంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌లో సెల్లు ఆనించి తీసే పని దానంతట అదే జరిగిపోతుంది. పై కాయిల్‌లో సగం చుట్లు విప్పి మళ్ళీ చేయండి. మీటరులో అంకె దాదాపు సగానికి వస్తుంది.