గాల్లో ఓనమాలు – 3వ పాఠం: కుడి కాలు

పోయిన పాఠంలో నేల మీద విమానాన్ని కాళ్ల దగ్గరి పెడల్స్‌తో తిప్పడం చూశాం. చేతిలోని యోక్‌ని కారు స్టీరింగ్‌లా ఎంత తిప్పినా ముక్కు చక్రం తిరగదని చెప్పాను. అయినా తిప్పుతారు, తెలుసు. ముందుకెళ్దాం.

సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో ఎడమ సీటు స్టూడెంట్‌ది, కుడి సీటు ఇన్‌స్ట్రక్టర్‌ది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కుడి సీటులోంచి "కుడి కాలు! కుడి కాలు!" అని వినిపిస్తూనే ఉంటుంది. మా ఇన్‌స్ట్రక్టర్ల గొంతులు పోయేది అక్కడే. సెలవుకి బరంపురం వస్తే అన్నపూర్ణ మార్కెట్‌లో ఎదురైన పిన్ని మాత్రం "ఏటి బాబూ, విమానం తోలతావంట, ఢిల్లీకి టికెట్ తక్కువలో ఇప్పిస్తావా?" అంటుంది.

కుడి కాలు ఎందుకో చూడండి. లోపల కూర్చున్నవాళ్లకి ప్రొపెల్లర్ గడియారం ముల్లులా కుడికి తిరుగుతుంది. అది వెనక్కి తోసే గాలి తిన్నగా పోదు. మెలికలు తిరుగుతూ వెళ్లి తోక మీది నిలువు రెక్కని ఎడమ పక్క నుంచి కొడుతుంది. తోక కుడికి జరిగితే ముక్కు ఎడమకి పోతుంది. పైకెక్కేటప్పుడు ముక్కు ఎత్తి ఉంటుంది కాబట్టి, కుడి పక్క కిందికి దిగే బ్లేడు ఎక్కువ బలంగా లాగుతుంది. అదీ ముక్కుని ఎడమకే తిప్పుతుంది. కుడి పెడల్ తొక్కితే ముక్కు మళ్లీ కుడికి, తిన్నగా వస్తుంది. ఫుల్ పవర్, తక్కువ వేగం ఉన్నప్పుడు ఈ బాధ ఎక్కువ. టేకాఫ్ అంటేనే ఆ రెండూ.

మరి కుర్రాళ్ల కాలు ఎందుకు కదలదు? గోపాల్‌పూర్ రోడ్డులో బైకు నడిపి పెరిగిన కాలు అది. దానికి కుడి అంటే బ్రేకు. ఎగరబోతూ బ్రేకు తొక్కమంటే ఏ కాలు మాత్రం వింటుంది? పైగా విమానం పెడల్స్ పై భాగంలో నిజంగానే బ్రేకులుంటాయి. అందుకే మడమ నేలకి ఆనించి, పెడల్ కింది భాగాన్నే తొయ్యాలి. భయం వేసినప్పుడు పాదం పైకి పాకుతుంది, జాగ్రత్త.

ఎంత తొయ్యాలో బంతి చెబుతుంది. ఎదురుగా వంపు గాజు గొట్టంలో నల్ల బంతి ఉంటుంది. అది ఎటు జారితే ఆ కాలు నొక్కాలి. బంతి మధ్యకి వస్తే చాలు. దాన్నే చూస్తూ కూర్చోకండి, కళ్లు బయట ఉండాలి. కొందరు కిందికి దిగుతూ పవర్ తగ్గించాక కూడా, నేను ఆపమనేదాకా కుడి కాలు బిగించే ఉంచుతారు. నోరు పారేసుకున్నందుకు నాకు పడే శిక్ష అది.

ఇంట్లో అభ్యాసం: కుర్చీని గోడకి ఎదురుగా వేసుకుని, రెండు చెప్పులు గోడకి ఆనించండి. పాదాలు వాటి మీద, మడమలు నేల మీద. కుడి చేత్తో థ్రాటిల్ (పవర్ పెంచే పిడి) ముందుకు తోస్తున్నట్టు చెయ్యి చాచుతూ, అదే వేగంతో కుడి కాలు నొక్కండి. చెయ్యి వెనక్కి వస్తే కాలు వదలండి. పూటకి ఇరవైసార్లు. అమ్మ చూసి ఏమిట్రా ఇది అంటే, చదువుకుంటున్నానని చెప్పండి.

వచ్చే పాఠం మలుపులు. అందులో ఎడమ కాలికీ పని ఉంది.