బ్రిటన్‌లో వలసల చర్చ: విన్న మాటను పరీక్షించడం, మన మాటను చేరవేయడం ఎలా?

బ్రిటన్‌లో వలసల మీదా, సంక్షేమ భృతుల మీదా, ప్రభుత్వాల తీరు మీదా కొన్నేళ్ళుగా పేరుకుపోతున్న కోపం 2024 వేసవిలో వీధుల్లోకి వచ్చింది. ఆ ఏడాది జూలై 29న సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నారులు హత్యకు గురయ్యాక, చంపినవాడు పడవలో అక్రమంగా వచ్చిన ఆశ్రయార్థి అన్న అబద్ధం గంటల్లో దేశమంతా పాకింది. అతడు కార్డిఫ్‌లో పుట్టినవాడని పోలీసులు ప్రకటించినా అల్లర్లు ఆగలేదు. మరుసటి ఏడాది ఎప్పింగ్‌లో ఆశ్రయార్థులను ఉంచిన హోటల్ ముందు మొదలైన నిరసనలు ఇతర పట్టణాలకు వ్యాపించాయి. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారు ఈ చర్చకు దూరంగా ఉండాలనుకున్నా అది ఆఫీసు భోజనాల గదిలోనూ, బడి గేటు దగ్గరా, కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఎదురవుతూనే ఉంటుంది. విన్న మాటలో నిజమెంతో తేల్చుకోవడానికీ, తమకున్న న్యాయమైన అసంతృప్తిని వినవలసిన చోటికి చేర్చడానికీ పనికివచ్చే పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

మొదట చేయవలసిన పని, ‘వలసదారులు’ అన్న మాట వినబడగానే అది ఎవరి గురించో విడదీసి చూడటం. విద్యార్థి వీసా, స్కిల్డ్ వర్కర్ వీసా, జీవిత భాగస్వామి వీసా మీద వచ్చినవారిలో అత్యధికుల అనుమతి పత్రం మీద ‘ప్రజా నిధులకు అర్హత లేదు’ అన్న షరతు ఉంటుంది. ఈ మినహాయింపుకు మూలం 1999 నాటి వలస, ఆశ్రయ చట్టంలోని 115వ సెక్షన్. యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ప్రధాన భృతి), హౌసింగ్ బెనిఫిట్, చైల్డ్ బెనిఫిట్, కౌన్సిల్ (స్థానిక సంస్థ) ఇచ్చే ఇల్లు వంటివేవీ వీరికి వర్తించవు. ఆశ్రయం కోరి నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవారి సంగతి వేరు. వారికి సాధారణంగా పనిచేసే అనుమతి ఉండదు. తమ తప్పేమీ లేకుండా 12 నెలలు దాటినా నిర్ణయం రాకపోతేనే దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వారు యూనివర్సల్ క్రెడిట్ తీసుకోలేరు. అదే 1999 చట్టం కింద వసతి, కొద్దిపాటి నగదు అందుతాయి. సొంతంగా వండుకునే వసతిలో ఉన్నవారికి 2024లో నిర్ణయించిన మొత్తం మనిషికి వారానికి 49.18 పౌండ్లు. శరణార్థిగా గుర్తింపు పొందినవారికీ, స్థిరనివాస అనుమతి ఉన్నవారికీ మాత్రం స్థానికులతో సమానంగా భృతులు కోరే హక్కు ఉంటుంది. ఈ మూడు వర్గాలనూ ఒకే మాటలో కలిపేసి చెప్పిన వాక్యం ఏ పక్షం నుంచి వచ్చినా దాన్ని అక్కడే ఆపి, ‘మీరు చెప్పేది ఎవరి సంగతి?’ అని అడగాలి. సగం వాదనలు ఆ ప్రశ్న దగ్గరే తేలిపోతాయి.

రెండో పని, అంకెను దాని పూర్తి పేరుతో చదవడం. నికర వలస అంటే ఒక ఏడాదిలో వచ్చినవారిలోంచి వెళ్ళిపోయినవారిని తీసివేయగా మిగిలిన సంఖ్య. మొత్తం వచ్చినవారి సంఖ్యా కాదు, దేశంలో ఉన్న విదేశీయుల సంఖ్యా కాదు. పైగా అది అంచనా. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి జాతీయ గణాంక కార్యాలయం మొదట చెప్పిన నికర వలస 6,72,000. సవరణల తర్వాత 2024 నవంబరులో అదే 9,06,000 అయింది. రెండు లక్షలకు పైగా తేడా వచ్చిందంటే ప్రభుత్వం దాచిపెట్టిందని ఒకరూ, అంకెలన్నీ కల్పితాలని మరొకరూ అంటారు. నిజానికి ఎవరు ఎంతకాలం ఉంటారన్నది కాలం గడిచాకే తెలుస్తుంది కనుక మొదటి అంచనాలు మారుతుంటాయి. ఈ అంచనాలు మే, నవంబరు నెలల్లో వెలువడతాయి. హోం శాఖ వీసా, ఆశ్రయ గణాంకాలు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో వస్తాయి. ఎవరైనా అంకె చెప్పినప్పుడు అది ఏ ఏడాదికి, ఏ ప్రచురణలోనిది అని చూసుకుంటే పాత అంకెను కొత్తదిగా చలామణి చేయడం కుదరదు.

భృతుల విషయంలో 2025 జూలై నుంచి ఒక మంచి ఆధారం అందుబాటులోకి వచ్చింది. యూనివర్సల్ క్రెడిట్ తీసుకుంటున్నవారి వలస హోదా వివరాలను పని, పింఛన్ల శాఖ అప్పుడే తొలిసారి ప్రచురించింది. 2025 జూన్ నాటికి సుమారు 79 లక్షల మంది ఆ భృతి పరిధిలో ఉండగా, వారిలో 83.6 శాతం బ్రిటిష్, ఐరిష్ పౌరులు, అక్కడ నివసించే హక్కు ఉన్నవారు, 9.7 శాతం ఐరోపా సమాఖ్య పౌరుల సెటిల్‌మెంట్ పథకం కిందివారు, 2.7 శాతం స్థిరనివాస అనుమతి పొందినవారు, 1.5 శాతం శరణార్థులు. ఒక శాతం పరిమిత కాలపు అనుమతి ఉన్నవారు. ఈ పట్టికను వాడేటప్పుడు మన పక్షాన కూడా జాగ్రత్త అవసరం. ఇది హోదాను చెబుతుంది గానీ జన్మస్థలాన్ని చెప్పదు. వలస వచ్చి పౌరసత్వం తీసుకున్నవారు మొదటి వర్గంలోనే లెక్కకు వస్తారు కనుక, ‘83 శాతం ఇక్కడ పుట్టినవాళ్ళే’ అని ఎవరైనా అంటే అది తప్పు. మనకు అనుకూలంగా ఉన్నంత మాత్రాన దాన్ని మనం పంచుకోకూడదు.

ఈ పద్ధతిని తెలుగువారికి నేరుగా తగిలిన ఒక వివాదానికి వర్తింపజేసి చూద్దాం. 2025 మే 6న భారత్, బ్రిటన్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఖరారైందని ప్రకటించినప్పుడు, ‘భారతీయ ఉద్యోగులు నేషనల్ ఇన్సూరెన్స్ కట్టనక్కరలేదట, బ్రిటిష్ ఉద్యోగులకంటే వాళ్ళు చవక అవుతారు’ అన్న ఆగ్రహం ప్రతిపక్ష నేతల నుంచి సామాన్య ఉద్యోగుల దాకా వ్యాపించింది. నేషనల్ ఇన్సూరెన్స్ అంటే అక్కడ జీతం మీద కట్టే సామాజిక భద్రతా చందా. ముందు, ఎవరి గురించి? భారతదేశంలోని సంస్థ తాత్కాలికంగా బ్రిటన్‌కు పంపిన ఉద్యోగి గురించి. బ్రిటిష్ సంస్థ నేరుగా నియమించుకున్న భారతీయుడు యథావిధిగా కట్టవలసిందే. ఎంతకాలం? అప్పటి ప్రకటన ప్రకారం గరిష్ఠంగా మూడేళ్ళు. అంతకుముందు ఏముంది? అలా వచ్చినవారికి మొదటి 52 వారాలు మినహాయింపు అప్పటికే ఉంది. రెండువైపులా వర్తిస్తుందా? వర్తిస్తుంది, భారత్‌కు వచ్చిన బ్రిటిష్ ఉద్యోగి ఇక్కడ మళ్ళీ చెల్లించనక్కరలేదు, తన దేశంలోనే కడతాడు. ఇలాంటి ఏర్పాట్లు బ్రిటన్‌కు అమెరికా, కెనడా, జపాన్ వంటి దేశాలతోనూ ఉన్నాయి. ఆదాయపు పన్ను మినహాయింపు లేదు, ఆరోగ్య సర్‌చార్జి (ప్రభుత్వ వైద్య సేవల కోసం వీసా దరఖాస్తుతో కట్టే రుసుము) మినహాయింపు లేదు. అయితే ఇంతటితో ఆ కోపమంతా నిరాధారమని తేల్చేయకూడదు. హైదరాబాద్ నుంచి ప్రాజెక్టు మీద ఉద్యోగులను పంపే సంస్థకు ఖర్చు తగ్గడం వాస్తవం. అదే పని చేసే స్థానిక ఉద్యోగికి ఆ తేడా కనిపించడమూ వాస్తవమే. ఒప్పుకోవలసింది ఒప్పుకున్నాకే మిగిలిన మాటకు విలువ వస్తుంది.

ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు ఇదే పాటించాలని నా గట్టి అభిప్రాయం. డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఉదయం ఎనిమిదింటి నుంచి ఫోను పట్టుకుని కూర్చున్న పక్కింటి పెద్దాయన ‘మీవాళ్ళు ఎక్కువైపోయారు’ అని విసుక్కుంటే, వెంటనే జాతివివక్ష అనే ముద్ర వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. అపాయింట్‌మెంట్లు దొరకకపోవడం, ఇంటి అద్దెలు మండిపోవడం, స్థానికులను అడగకుండానే తమ ఊరి హోటల్‌ను ఆశ్రయార్థుల వసతిగా మార్చడం నిజమైన కష్టాలు. ఆయన కష్టం నిజమని ముందు చెప్పి, తర్వాత మీరు కట్టిన లెక్క చెప్పండి. 2024 ఫిబ్రవరి 6 నుంచి ఆరోగ్య సర్‌చార్జి పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకూ పిల్లలకూ 776. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఏడాదికి 3,622. అయిదేళ్ళ వీసాకు 18,110 పౌండ్లు, అదీ దరఖాస్తు నాడే ఒక్కసారిగా. ఆరోగ్య, సంరక్షణ వీసా మీద వచ్చినవారికి ఇది ఉండదు గానీ, మిగిలిన ఉద్యోగులు జీతం మీద పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ కట్టేది దీనికి అదనంగా. అయితే బెదిరింపు, దౌర్జన్యం ఎదురైతే సంభాషణకు ప్రయత్నించకుండా అక్కడి నుంచి వచ్చేసి పోలీసులకు ఫిర్యాదు చేయాలి.

మనలో ఒక అలవాటును కూడా ప్రస్తావించక తప్పదు. ‘మేం చట్టప్రకారం వచ్చాం, అసలు సమస్య ఆ పడవల్లో వచ్చినవాళ్ళే’ అంటూ తప్పించుకునే ధోరణి తెలుగు గ్రూపుల్లో బాగా కనిపిస్తుంది. పడవలో వచ్చి ఆశ్రయం కోరడం ఎంతవరకు సమంజసమన్నది చర్చించదగిన విషయమే. కానీ ఆ గీత గీసుకోవడం వల్ల మనకు రక్షణ ఏమీ దొరకలేదు. 2024 జనవరి 1 నుంచి పరిశోధన కోర్సుల వంటి కొన్ని మినహా మిగిలిన కోర్సుల విద్యార్థులు కుటుంబాన్ని తెచ్చుకునే వీలు పోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా కనీస వేతనం 26,200 నుంచి 38,700 పౌండ్లకు, 2025 జూలై 22 నుంచి 41,700కు పెరిగింది. పడవల మీది కోపానికి స్పందనగా వచ్చిన కఠినత్వం చివరికి చట్టబద్ధ మార్గాల మీదే ఎక్కువగా పడింది.

ఇక సొంత ఇంటి సంగతి. మీ ఈ-వీసాలో ప్రజా నిధుల షరతు ఉందో లేదో ముందుగా చూసుకోండి. భార్యాభర్తలిద్దరికీ ఆ షరతు ఉన్నప్పుడు, బిడ్డ పుట్టగానే తెలిసినవారెవరో చెప్పారని చైల్డ్ బెనిఫిట్‌కు దరఖాస్తు చేయడం వీసా నిబంధన ఉల్లంఘనే అవుతుంది. అలాగని భయంతో అన్నీ వదులుకోనవసరం లేదు. పిల్లలకు ప్రభుత్వ బడి, చట్టబద్ధ ప్రసూతి వేతనం, అనారోగ్య వేతనం, ఒంటరిగా ఉండేవారికి కౌన్సిల్ టాక్స్‌లో (ఇంటి మీద స్థానిక సంస్థకు కట్టే పన్ను) 25 శాతం తగ్గింపు ప్రజా నిధుల కిందికి రావు; కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ పేరుతో తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇచ్చే సాయం మాత్రం వస్తుంది. పేర్లు దగ్గరగా ఉంటాయి కనుక సంతకం పెట్టే ముందు దరఖాస్తు పేరు రెండుసార్లు చదవాలి. కుటుంబ వీసా మీద ఉండి నిజంగా నిరాధారమైనవారు ఆ షరతు తొలగించమని హోం శాఖను కోరవచ్చు; దానికి గుర్తింపు ఉన్న వలస సలహాదారును సంప్రదించడం మంచిది.

మన అసంతృప్తిని చేర్చే దారుల్లో ప్రజాభిప్రాయ సేకరణలను నేను ముందు చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేది దాన్నే. స్థిరనివాసానికి సాధారణ గడువును అయిదేళ్ళ నుంచి పదేళ్ళకు పెంచే ప్రతిపాదన మీద ప్రభుత్వం 2025 నవంబరు 20న అభిప్రాయ సేకరణ మొదలుపెట్టి, 2026 ఫిబ్రవరి 12 వరకు గడువు ఇచ్చింది. ఇప్పటికే దేశంలో ఉన్నవారికీ దీన్ని వర్తింపజేయాలన్న ఆలోచన నా దృష్టిలో అన్యాయం. అయిదేళ్ళని నమ్మి ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు కుదుర్చుకున్నవారికి మధ్యలో నియమం మార్చడం తగదు. ఇలాంటి ప్రశ్నావళి వచ్చినప్పుడు అందరూ నకలు చేసిన పేరా అతికించకుండా, మీ వీసా తేదీ, మీరు కట్టిన మొత్తం, మార్పు వల్ల మీ ఇంట్లో ఏ నిర్ణయం తలకిందులవుతుందో రాయండి.

ఎంపీకి లేఖ కూడా అలాగే ఉండాలి. ఎంపీలు తమ నియోజకవర్గం వారి లేఖలకే స్పందించడం ఆనవాయితీ కనుక పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్ లేని లేఖ పక్కన పడుతుంది. ఒక లేఖలో ఒకే విషయం, చివర ఒకే కోరిక చాలు. ఉదాహరణకు: ‘నేను మీ నియోజకవర్గంలో 2022 నుంచి నివసిస్తూ స్కిల్డ్ వర్కర్ వీసాపై పనిచేస్తున్నాను. నా కుటుంబం ఇప్పటివరకు ఆరోగ్య సర్‌చార్జి కింద ఇంత చెల్లించింది. గడువు మార్పు ఇప్పటికే ఇక్కడ ఉన్నవారికి వర్తిస్తుందా, వర్తిస్తే వారికి వెసులుబాటు ఏమిటి అని మంత్రిని లిఖితపూర్వకంగా అడగవలసిందిగా కోరుతున్నాను.’ ఎంపీ ఈ ప్రశ్నను మంత్రికి పంపితే వచ్చే జవాబు మీ చేతికి అందుతుంది. అది వంద ఫార్వర్డుల కంటే నమ్మదగిన పత్రం. పార్లమెంటు వెబ్‌సైట్‌లోని పిటిషన్ల మీద బ్రిటన్‌లో నివసించే ఎవరైనా సంతకం చేయవచ్చు. పదివేల సంతకాలకు ప్రభుత్వ సమాధానం వస్తుంది, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు.

సమాచారం కావాలంటే 2000 నాటి సమాచార స్వేచ్ఛా చట్టం ఉంది. మన సమాచార హక్కు చట్టం వాడినవారికి ఇది సులభంగానే ఉంటుంది. దరఖాస్తుకు పది రూపాయల రుసుము వంటిదేమీ లేదు, 20 పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. పత్రికలో వలసల గురించి తప్పుడు సమాచారం వస్తే, ఆ పత్రిక ఇప్సో అనే స్వతంత్ర పత్రికా ప్రమాణాల సంస్థ పరిధిలో ఉంటే, ప్రచురించిన నాలుగు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. మంత్రులు గణాంకాలను వక్రీకరించారనిపిస్తే గణాంకాల నియంత్రణ కార్యాలయానికి రాయవచ్చు.

ఓటు హక్కు సంగతి చాలా తెలుగు కుటుంబాలకు తెలియదు. చట్టబద్ధంగా నివసిస్తున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు, అంటే భారతీయ పాస్‌పోర్టుతో విద్యార్థి వీసా మీద ఉన్నవారికి కూడా, పార్లమెంటు ఎన్నికలతో సహా అన్ని ఎన్నికల్లోనూ ఓటు ఉంది. ‘విదేశీయులకు ఓటేమిటి’ అని ఎవరైనా నిలదీస్తే అది 1983 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఇచ్చిన హక్కు అని చెప్పవచ్చు. నమోదు చేసుకోవడం వీసాకు ఏ విధంగానూ అడ్డు కాదు. పోలింగుకు 12 పనిదినాల ముందే నమోదు పూర్తి కావాలి, పోలింగ్ కేంద్రంలో ఫోటో గుర్తింపుగా భారతీయ పాస్‌పోర్టు చెల్లుతుంది, అద్దె ఇల్లు మారినప్పుడల్లా కొత్త చిరునామాతో మళ్ళీ నమోదు చేసుకోవాలి.