మ్యూర్ వుడ్స్‌కు అమ్మానాన్నలను తీసుకెళ్తున్నారా?

ముందు పార్కింగ్ సంగతి తేల్చుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న ఈ రెడ్‌వుడ్ అనే ఎత్తైన చెట్ల అడవికి సొంత కారులో వెళ్లినా, షటిల్ బస్సెక్కినా ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. ప్రవేశ రుసుము వేరు. అక్కడ ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి టికెట్‌ను ఇంట్లోనే ఫోన్‌లో భద్రం చేసుకోండి.

నేనైతే పనిరోజున, పొద్దున్నే వెళ్లమంటాను. వేసవిలోనైనా పెద్దవాళ్లకు స్వెటర్ వేయండి. పసిఫిక్ నుంచి వచ్చే పొగమంచు ఆకులకు తగిలి చినుకులై రాలుతుంది. వానల్లేని నెలల్లో ఈ చెట్ల దాహం తీర్చేది చాలావరకు అదే.

ప్రధాన బాట చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా హాయిగా నడిచింది. తొందరపెట్టకండి. ఒకచోట చెట్లు వలయంగా నిలబడి కనిపిస్తాయి. మధ్యలో ఉన్న తల్లిచెట్టు పోయాక దాని మొదలు నుంచి మొలిచిన పిల్లలవి. అమ్మ అక్కడి నుంచి కదలనంది! ఇలాంటిచోట ఆగడానికే సమయం మిగుల్చుకోండి.

అడవి లోపలి కెథడ్రల్ గ్రోవ్ అనే తోపులో గొంతు తగ్గించండి. 1945 మేలో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు సదస్సుకు వచ్చిన ప్రతినిధులు, అంతకు ముందు నెలలో కన్నుమూసిన అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు నివాళి అర్పించింది ఇక్కడే.

ఫొటో కోసం బాట దిగడం మాత్రం దయచేసి వద్దు. 250 అడుగులు దాటిన చెట్టుకు కూడా వేళ్లు లోతుగా ఉండవు, పక్కలకు పాకుతాయి. మన అడుగుల బరువుకు మట్టి గట్టిపడితే వాటికి ఊపిరాడదు. పిల్లలకు ఈ విషయం కారులోనే చెప్పండి. కుక్కను ఇంట్లోనే వదిలి రండి, లోపలికి రానివ్వరు.