పాత మియాటా కొన్నారా? హార్స్‌పవర్ సంగతి తర్వాత, ముందు కారు కిందకి దూరండి

అమెరికాలో పాత మాజ్డా మియాటా (పైకప్పు తీసేసే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) కొన్న మనవాళ్లు మొదటి వారంలో చేసే పని ఏంటంటే, ఇంజన్‌కి గాలి అందించే ఎయిర్ ఇన్‌టేక్ ఒకటి, చెవులు చిల్లులుపడే ఎగ్జాస్ట్ ఒకటి ఆర్డర్ పెట్టేయడం. ఆ డబ్బు కొన్నాళ్లు జేబులోనే ఉంచండి. 1989లో మొదలైన మొదటి తరం కారు, అంటే హెడ్‌లైట్లు పైకి లేచే ఎన్ఏ, 1.6 లీటర్ ఇంజన్‌తో ఇచ్చేదే 116 హార్స్‌పవర్. ఇన్‌టేక్ మారిస్తే శబ్దం పెరుగుతుంది గానీ కాలికి తెలిసేంత బలమేమీ రాదు. బరువు టన్నుకి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ఆ కాస్త పవర్‌తోనే అంత సరదాగా పరిగెడుతుంది. ఆ సరదా పోయేదల్లా గట్టిపడిన టైర్ల వల్ల, చక్రాల్ని పట్టి ఉంచే కీళ్లలో అరిగిన రబ్బరు బుష్‌ల వల్ల, ప్రాణం పోయిన షాక్ అబ్జార్బర్ల వల్ల, ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియని ఆయిళ్ల వల్ల. ముందు ఇవి బాగుచేసుకుంటే, మీరు రాసి పెట్టుకున్న పార్టుల లిస్టులో సగం అక్కర్లేదని మీకే అర్థమవుతుంది.

మన ఊళ్లో అయితే మెకానిక్‌కి తాళాలిచ్చేసి టీ తాగి వచ్చేవాళ్లం. ఇక్కడ లేబరే గంటకి వంద డాలర్లు దాటుతుంది, పైగా ముప్పై ఏళ్ల కారు అనగానే చాలా షాపులు మొహం చాటేస్తాయి. అందుకే చేయి నల్లగా చేసుకోక తప్పదు. దీని బోల్టులన్నీ మెట్రిక్ కాబట్టి 10, 12, 14, 17, 19, 21 సాకెట్లు, బోల్టు ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే మంచి టార్క్ రెంచ్ ఒకటి, తక్కువ ఎత్తు జాకీ, రెండు జతల జాక్ స్టాండ్లు ఉంటే చాలా పనులు అయిపోతాయి. ఎప్పుడో ఒకసారి అవసరమయ్యే పనిముట్లు ఆటోజోన్ లాంటి చోట డిపాజిట్ కట్టి తెచ్చుకుని, పనయ్యాక ఇచ్చేసి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, పాత ఇంజన్ ఆయిల్ కూడా వాళ్లే తీసుకుంటారు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఒకసారి లీజు చదువుకోండి, పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని చాలావాటిలో రాసి ఉంటుంది.

కారు ఎత్తడం గురించి. ముందు వైపు ఇంజన్ కింద అడ్డంగా ఉన్న బలమైన క్రాస్ మెంబర్ మధ్యలో, వెనక వైపు డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) కింద జాకీ పెట్టి ఎత్తచ్చు. స్టాండ్లు పెట్టాల్సింది డోర్ల కింద అంచున, చక్రాలకి దగ్గరగా కంపెనీ బలపరిచి ఇచ్చిన చోట. కారు పొడవునా పెట్టెలా కనిపించే ఫ్రేమ్ రైళ్లు ఉంటాయి, చూడ్డానికి గట్టిగా ఉంటాయి గానీ పల్చటి రేకు. ఏ పాత మియాటా కింద చూసినా అవి సొట్టపోయి ఉంటాయి, ఎవరో అక్కడ జాకీ పెట్టారన్నమాట. జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందకి, ఒక్క నిమిషమే కదా అని కూడా, తల పెట్టకండి.

ఇంజన్ ఆయిల్ మార్చడం తేలికే, ఫిల్టర్ దగ్గరే చుక్కలు కనబడతాయి. అది కుడి వైపు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది. పైనుంచి చెయ్యి పెడితే మోచేయి ఇరుక్కుంటుంది, అందుకని కుడి ముందు చక్రం తీసేసి అటునుంచి చెయ్యి పోనివ్వడం మేలు. ఫిల్టర్ తిప్పగానే ఆయిలంతా కింద ఉన్న క్రాస్ మెంబర్ మీదకి కారుతుంది, గుడ్డ ముందే పరిచి ఉంచండి, లేకపోతే నెలపాటు లీకేమో అని టెన్షన్ పడుతూనే ఉంటారు. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూసుకుని కొత్తది బిగించండి. రింగు మీద రింగు పడితే ఆయిల్ మొత్తం రోడ్డు పాలవుతుంది.

గేర్ బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లకి ఒకటే సూత్రం: నింపే బోల్టు ముందు ఊడుతుందని తేలాకే కింద బోల్టు విప్పాలి. ఆయిలంతా దింపేశాక పై బోల్టు రాకపోతే కారు అక్కడే ఉండిపోతుంది. ఐదు గేర్ల బాక్స్‌కి జీఎల్-4 రకం 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ రెండు లీటర్లు, డిఫరెన్షియల్‌కి జీఎల్-5. రెండూ ఒకటేలే అనుకుని గేర్ బాక్స్‌లో జీఎల్-5 పోయకండి, లోపల గేర్లు మెత్తగా పడేలా చేసే సింక్రో రింగులు ఇత్తడివి, దానికి అవి పాడవచ్చు. గేర్ రాడ్ అడుగున ఉండే రబ్బరు బూటు కూడా చూడండి. అది చిరిగితే వేడి, చప్పుడు అన్నీ నేరుగా మీ మోకాళ్ల దగ్గరికే వస్తాయి. చవకైన పార్టు, మార్చాక కారే మారిపోయినట్టుంటుంది.

ఇప్పుడు వెనక బ్రేకులు. ఈ కారు సంగతి తెలియని షాపుల్లో కూడా పాడుచేసేది ఇక్కడే. వెనక క్యాలిపర్‌లోనే (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) హ్యాండ్ బ్రేక్ మెకానిజం ఉంటుంది కాబట్టి, ముందు బ్రేకుల్లా సీ క్లాంపు పెట్టి పిస్టన్‌ని లోపలికి నొక్కితే వెళ్లదు, బలవంతం చేస్తే లోపల పాడవుతుంది. ముందు చక్రాలకి అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా వదిలేయండి. క్యాలిపర్ వెనక వైపు 14 తలతో ఒక మూత బోల్టు ఉంటుంది, చాలామందికి అది కనిపించను కూడా కనిపించదు. దాన్ని విప్పితే లోపల 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీ పట్టే స్క్రూ ఉంటుంది. అపసవ్యంగా తిప్పుతుంటే పిస్టన్ నెమ్మదిగా వెనక్కి జరుగుతుంది, ఆ కదలిక కంటికి కనిపిస్తుంది. కొత్త ప్యాడ్లు వేసి క్యాలిపర్ బిగించాక, అదే స్క్రూని సవ్యంగా తిప్పుతూ ప్యాడ్లు డిస్కుని పట్టేసేదాకా వెళ్లి, అక్కడినుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పండి. డిస్కు చేత్తో తిప్పితే చిన్నగా రాసుకుంటున్న చప్పుడు వచ్చినా పరవాలేదు, పట్టేయకూడదు. రెండు వైపులా ఇలాగే చేశాక మూత బోల్టు పెట్టడం మర్చిపోవద్దు. హ్యాండ్ బ్రేక్ పైదాకా లాగినా పట్టట్లేదని కేబుల్ బిగించేవాళ్లుంటారు, ముందు ఈ అడ్జస్ట్‌మెంట్ సరిగా ఉందో లేదో చూసి తర్వాత కేబుల్ జోలికి వెళ్లండి. కదిలే ముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నొక్కండి, చక్రం నట్లు 65 నుంచి 87 ఫుట్ పౌండ్ల మధ్య టార్క్ రెంచ్‌తోనే బిగించండి.

క్లచ్ పెడల్ కిందకి జారిపోతూ గేర్లు పడటం మొరాయిస్తే గేర్ బాక్స్ పోయిందని కంగారు పడొద్దు. గేర్ బాక్స్ కుడి పక్కన బిగించి, ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని కదిపే స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు కొంచెం వెనక్కి లాగి చూడండి. తడిగా ఉంటే దొంగ దొరికినట్టే. రెండు బోల్టులు, ఒక పైపు నట్టు, అంతే. పైపు నట్టుకి మామూలు స్పానర్ వాడితే మూలలు అరిగిపోతాయి, ఫ్లేర్ నట్ స్పానర్ తెచ్చుకోండి. పైన పెడల్ నొక్కితే పనిచేసే మాస్టర్ సిలిండర్ కూడా అదే వయసుది కాబట్టి రెండూ ఒకేసారి మార్చేస్తే మళ్లీ ఈ గొడవ ఉండదు. గాలి తీయడానికి మాత్రం పెడల్ నొక్కేవాళ్లొకరు కావాలి, ఇంట్లోవాళ్లని ముందే మంచి చేసుకోండి.

రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్‌ది. కొత్తలో నల్లగా ఉంటుంది, వయసైపోయాక ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగుకి తిరుగుతుంది. ఆ రంగు కనిపిస్తే పగిలేదాకా ఆగకుండా మార్చేయండి. ఇంజన్ వాల్వుల్ని పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్ట్ 60 వేల మైళ్లకి మార్చాలి, రికార్డు కాగితాలు లేకపోతే మార్చలేదనే లెక్క. 1.6 ఇంజన్‌లో ఆ బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకి కొట్టుకోవు, కారు ఆగిపోతుందంతే. అయినా హైవే మీద ఆగడం చిన్న విషయమేం కాదు. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి వాటర్ పంపు, క్యామ్, క్రాంక్ సీళ్లు కలిపి మార్చండి. మీది 1990 కారో, 1991 మొదట్లో వచ్చిందో అయితే క్రాంక్ ముక్కు (ముందు పుల్లీ బిగించే క్రాంక్ షాఫ్టు కొస) పొట్టిగా ఉండే రకం కావచ్చు. ఇంజన్ నడుస్తుండగా ముందు పుల్లీ ఊగుతుందేమో చూడండి. ఊగితే మిగతా ఖర్చులన్నీ ఆపి ముందు దాని సంగతి చూసుకోవాలి.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, కాబట్టి ఏ బ్యాటరీ పడితే అది పెట్టకూడదు. గాలి బయటికి పోయే సన్న గొట్టం తగిలించుకునే, సీలు వేసిన ఏజీఎం రకమే కొనండి, మామూలు బ్యాటరీ పెడితే ఆవిర్లకి డిక్కీ రేకు తుప్పు పడుతుంది. తుప్పంటే ఇంకోటి, సాఫ్ట్ టాప్ మీద పడ్డ నీళ్లు సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న రంధ్రాల గుండా దిగి వెనక చక్రాల ముందు బయటికి పోవాలి. ఆకులూ మట్టీ అడ్డం పడితే ఆ నీళ్లు డోర్ల కింద భాగంలో నిలిచిపోయి లోపలినుంచి తినేస్తాయి, బయటికి బుడగ కనిపించేసరికి పని అయిపోయి ఉంటుంది. ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి. కారకపోతే గడ్డి కోసే మిషన్‌లో వాడే మెత్తటి ప్లాస్టిక్ తీగతో పొడవండి, ఇనప తీగ పెడితే గొట్టం చిరుగుతుంది.

ఇవన్నీ అయ్యాక మోడిఫికేషన్లు. మొదటి డబ్బు టైర్లకే. టైరు పక్క గోడ మీద డాట్ నంబర్ చివర నాలుగు అంకెలు చూస్తే ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో తెలుస్తుంది, గాడి ఎంత లోతున్నా పదేళ్ల టైరు పనికిరాదు. కంపెనీ సైజు 185/60 ఆర్14లో మంచివి దొరకడం కష్టమవుతోంది కాబట్టి చాలామంది 15 అంగుళాల చక్రాలకి 195/50 వేసుకుంటారు. గాలి కామ్రీకి కొట్టినట్టు 35 పీఎస్ఐ కొట్టించేస్తారు కొందరు, ఈ తేలిక కారుకి డోర్ స్టిక్కర్ మీద ఉన్నది 26.

షాకులు, స్ప్రింగులు ఇంట్లో మార్చుకోవచ్చు, కానీ చక్రాన్ని కారుకి కలిపే కంట్రోల్ ఆర్మ్‌ల బోల్టులు చక్రాలు గాల్లో ఉండగా ఫైనల్‌గా బిగించకండి. కారు బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి, లేకపోతే రబ్బరు బుష్ మెలితిరిగిపోయి తొందరగా చిరుగుతుంది. ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి, దానికి మాత్రం షాపుకే వెళ్లండి, డ్రైవర్ సీట్లో మీ బరువు పెట్టి చేయించండి.

పైసా ఖర్చు లేని ట్యూనింగ్ ఒకటుంది. ఎన్ఏ కారులో ఇగ్నిషన్ బేస్ టైమింగ్, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు స్పార్క్ పడాలన్న లెక్క, 10 డిగ్రీలు. ఇంజన్ బాగా వేడెక్కాక డయాగ్నోసిస్ బాక్స్‌లో టీఈఎన్, జీఎన్‌డీ పిన్నులని చిన్న వైరుతో కలిపి, టైమింగ్ లైట్ పట్టుకుని, ఇంజన్ వెనక ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సర్ బోల్టు వదులు చేసి కొద్దికొద్దిగా తిప్పుతూ 14 డిగ్రీలకి తేవచ్చు. కింది గేర్లలో కారు చురుగ్గా అనిపిస్తుంది. దీనికి ప్రీమియం పెట్రోలే పోయాలి, ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని శబ్దం వస్తే వెంటనే 10కి తిప్పేయండి. పనయ్యాక ఆ వైరు తీసేయడం మరవద్దు.

రేస్ ట్రాక్‌కి వెళ్లాలనుకుంటే రోల్ బార్ (కారు బోల్తా పడితే తలని కాపాడేందుకు సీట్ల వెనక బిగించే కడ్డీ) లేకుండా వద్దు. హెల్మెట్ పెట్టుకుని కూర్చుని, విండ్‌షీల్డ్ పై అంచు నుంచి రోల్ బార్ దాకా ఒక కర్ర ఆనిస్తే మీ హెల్మెట్ దాని కిందే ఉండాలి. పొడుగువాళ్లకి సీటు ఫోమ్ కొంత కోస్తే అంగుళమో రెండంగుళాలో కలిసొస్తుంది. ఇంత చదివాక కూడా ఇన్‌టేక్ పెట్టాలనే ఉంటే, కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు కార్బ్ (అక్కడి గాలి కాలుష్య నియంత్రణ బోర్డు) అనుమతి ఇచ్చిన ఈఓ నంబర్ ఉన్నదే కొనండి, అది లేకపోతే పొగ పరీక్ష అయిన స్మాగ్ చెక్‌లో వెనక్కి పంపుతారు. విప్పిన పాత ఇన్‌టేక్, బోల్టులతో సహా అట్టపెట్టెలో పెట్టి దాచండి. కారు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది దాన్నే.