గిత్త బొమ్మ కింద నాలుగు వాక్యాలు

ఒంగోలు గిత్తల డిజిటల్ బొమ్మలు గీసి ఊరికే పంచుతుంటాను. సంక్రాంతికి కర్నూలు రోడ్డులో ఒక దాణా కొట్టు ఫ్లెక్సీ మీద నా గిత్త కనిపించింది, మూలనున్న నా పేరు చెరిపేసి. కడుపు మండిపోయింది.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం గీసినప్పుడే హక్కు మనది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా షరతులు కళ్లెదుట ఉండాలి. వేరే ఫైలులో పెడితే ఎవరు చదువుతారు? అందుకే ఇప్పుడు గిట్టల కిందే రాస్తున్నా: "ఇంట్లో, బడిలో ఉచితంగా వాడుకోండి. పేరు తీయొద్దు. బొమ్మ మార్చొద్దు. వ్యాపారానికైతే ముందు అడగండి."

అడిగినవాళ్లకు అనుమతి కాగితం మీదే ఇస్తాను, గడువు వేసి మరీ. గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్లని లెక్కగడుతుంది. క్రియేటివ్ కామన్స్ (షరతులతో అందరికీ ముందే అనుమతి ఇచ్చే రెడీమేడ్ లైసెన్సు) కూడా మంచిదే, కానీ ఒకసారి ఇచ్చిన లైసెన్సు వెనక్కి తీసుకోలేం.

మొన్న ఆ కొట్టాయనే ఫోన్ చేసి, డబ్బిచ్చి కొత్త గిత్తను గీయించుకున్నాడు.